‘హత్య వెనుక అసలు కుట్ర’ అని వీడియో వచ్చిందా? వార్త రాసే ముందు ఇలా చేయండి

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు యూట్యూబ్ ఛానళ్లు, వాట్సాప్ వార్తా గ్రూపులు నడిపే కుర్రాళ్లు నన్ను తరచూ అడిగేది ఒక్కటే: “అన్నా, ఈ వీడియో నిజమేనా? మన ఛానల్లో వేసేయొచ్చా?” ఏడాదిలో కొన్ని తేదీలకు ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. జనవరి 30కి గాంధీజీ, మే 21కి రాజీవ్ గాంధీ, అక్టోబర్ 31కి ఇందిరాగాంధీ, నవంబర్ 22కి అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ. ఎక్కడో పాత ఫైళ్లు విడుదలైతే ఆ వారమంతా అదే గోల. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ ఒకేసారి రాస్తున్నాను.

మన సరిహద్దు జిల్లాల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంట్లో టీవీలో ఒడియా ఛానల్, ఫోన్‌లో తెలుగు యూట్యూబ్, ఆఫీసు గ్రూపులో హిందీ ఫార్వర్డ్. ఒకే పుకారు మూడు భాషల్లో వచ్చేసరికి ముగ్గురు వేర్వేరు మనుషులు చెప్పినట్టు అనిపిస్తుంది. చాలాసార్లు చెప్పింది ఒక్కరే, మిగతా ఇద్దరూ అనువాదం చేసుకున్నారు.

కుట్ర జరిగిందా లేదా అన్నది బరంపురంలో కూర్చుని మీరూ నేనూ తేల్చలేం. మనం తేల్చగలిగేది వేరే ఉంది. ఆ అనుమానం మొదట ఎవరన్నారు, ఏ కాగితం మీద నిలబడింది, ఆ తర్వాత దానికి ఏమైంది? మొదటి రెండింటినీ మీడియా గట్టిగానే చెబుతుంది. మూడోది ఎప్పుడూ వదిలేస్తుంది. ఈ పని మొత్తం ఆ మూడో ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

దగ్గర ఉంచుకోవాల్సినవి

ఒక నోటు పుస్తకం, అందులో నాలుగు గడుల పట్టిక: ఏమన్నారు, ఎవరు ఎప్పుడన్నారు, ఆధారం ఏమిటి, తర్వాత ఏమైంది. ఫొటో పెడితే అది ఇంకెక్కడ ఉందో వెతికిపెట్టే గూగుల్ లెన్స్, ఫోన్‌లో. కేసు ఏ దశలో ఉందో చూసుకోవడానికి ఈ-కోర్ట్స్ యాప్. పాత తీర్పుల కోసం సుప్రీంకోర్టు వెబ్‌సైట్ కానీ ఇండియన్ కానూన్ కానీ, రెండూ ఉచితమే. ఒడియా చదవగలిగే మనిషి ఒకరు. మనలో చాలామందికి ఒడియా మాట్లాడటం వస్తుంది, చదవడం రాదు. అలాంటప్పుడు స్క్రీన్ మీద స్క్రోలింగ్‌ను ఊహించి తెలుగులో రాసేస్తుంటారు. అది వద్దు, పక్కింటి బడిపిల్లాడితోనైనా చదివించుకోండి.

ఒక సాయంత్రం తీరిక కూడా కావాలి. అందరికంటే ముందు బ్రేకింగ్ వేయాలన్న టెన్షన్ పక్కన పెట్టండి. 1963లో జరిగిన హత్య మీద బ్రేకింగ్ ఏమిటసలు?

1. వీడియోలోని మాటల్ని విడగొట్టండి

సంగీతం, ఎర్ర బాణాలు, ‘షాకింగ్’లు తీసేస్తే పది నిమిషాల వీడియోలో మిగిలే వాదనలు మూడో నాలుగో ఉంటాయి. ఒక్కోదాన్ని ఒక్కో వాక్యంగా పట్టికలో మొదటి గడిలో రాయండి.

మన రాష్ట్రానికి సంబంధించిన ఉదాహరణే తీసుకుందాం. 1984 అక్టోబర్ 30న భువనేశ్వర్ సభలో ఇందిరాగాంధీ తాను రేపు బతికి ఉండకపోవచ్చు అన్న అర్థంలో మాట్లాడారు. మర్నాడే ఢిల్లీలో ఆమె ఇంటి ఆవరణలో అంగరక్షకులు కాల్చి చంపారు. ‘ఆమెకు అంతా ముందే తెలుసు’ అనే వీడియో ఏటా తిరుగుతుంది. విడగొడితే ఇలా వస్తుంది:

ఒకటి, ఆ సభలో ఆ మాట అన్నారు. నిజం.
రెండు, తన ప్రాణానికి ముప్పు ఉందని ఆమెకు తెలుసు. ఇదీ నిజం. ఆ ఏడాది జూన్‌లో స్వర్ణ దేవాలయంలో సైనిక చర్య జరిగాక బెదిరింపులున్న సంగతి దేశమంతటికీ తెలుసు.
మూడు, ఎవరు ఎప్పుడు చంపుతారో ఆమెకు తెలుసు. వీడియోలో దీనికి ఆధారం సున్నా.

మొదటి రెండు నిజాల భుజం మీద ఎక్కి మూడోది వస్తుంది. ఈ రకం వీడియోలన్నిటికీ ఇదే పద్ధతి.

జాగ్రత్త: కొన్ని వీడియోల్లో వాదనే ఉండదు, అన్నీ ప్రశ్నలే. ‘ఆ రోజు ఫలానావాడు ఎందుకు రాలేదు?’ ప్రశ్న గుర్తు తీసేసి, అదే మాటను మామూలు వాక్యంగా రాసి చూడండి. అలా రాయడానికి మీ చెయ్యి ఆడకపోతే ప్రశ్నగా కూడా వేయకండి.

2. మొదట అన్నది ఎవరో పట్టుకోండి

వీడియోలో వినిపించే ముఖ్యమైన మాటను తెలుగులో, ఒడియాలో, హిందీలో, ఇంగ్లీషులో వెతకండి. యూట్యూబ్‌లో అప్‌లోడ్ తేదీలు చూసుకుంటూ వెనక్కి వెళ్లండి. ప్రతి వార్తా ‘ఫలానా ఛానల్ ప్రకారం’ అంటూ ఇంకోదాన్ని చూపిస్తుంటే, ఆ దారి ఎక్కడ ఆగిందో అదే మీ మూలం. మిగతావన్నీ లెక్కలోకి రావు. ‘విశ్వసనీయ వర్గాలు’ దగ్గర ఆగిపోతే మీ చేతిలో మూలం లేనట్టే.

ఈ పని చేయకపోతే ఏమవుతుందో తెలుగువాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి నల్లమలలో హెలికాప్టర్ కూలి చనిపోయారు. 2010 జనవరి మొదటి వారంలో ఒక విదేశీ వెబ్‌సైట్‌లో వచ్చిన రాతను పట్టుకుని, ఈ మరణం వెనుక ఒక పెద్ద వ్యాపార సంస్థ ఉందని ఒక తెలుగు ఛానల్ చెప్పింది. క్షణాల్లో మిగతావాళ్లూ అందుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంస్థ దుకాణాల మీద దాడులు జరిగాయి. పాత్రికేయుల్ని అరెస్టు చేశారు. విద్రోహం జరిగిందనడానికి ఆధారం లేదనే దర్యాప్తులు తేల్చాయి. అన్ని ఛానళ్లలో కనిపించినా మూలం మాత్రం ఒక్క వెబ్‌సైట్ పేజీ. దాన్ని రాసినవాడికి ఆ సంగతి ఎలా తెలిసిందని ఆ రాత్రి ఏ డెస్క్‌లోనైనా ఒకరు అడిగి ఉంటే అంతదూరం పోయేది కాదు.

మూలం దొరక్కపోతే ఒక ప్రత్యామ్నాయం ఉంది. పుకారు నిజమా కాదా అన్నది వదిలేసి, ‘మన జిల్లాలో ఇలాంటి వీడియో తిరుగుతోంది, దీని మూలం ఎక్కడా కనిపించడం లేదు’ అన్నదే వార్తగా ఇవ్వండి. పుకారులో ఉన్న పేర్లు మాత్రం అందులో రాకూడదు.

3. అది ఏ మెట్టు మీద ఉందో గుర్తించండి

ఎవరో అన్న మాట, ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు, కమిషన్ నివేదిక, కోర్టు తీర్పు. ఈ ఐదింటినీ మన వార్తల్లో ‘తేలింది’ అనే ఒకే మాటలో కుక్కేస్తారు. ఎఫ్‌ఐఆర్ అంటే ఫిర్యాదు నమోదైంది, అంతే. ఛార్జిషీటు పోలీసుల వాదన. కమిషన్ నివేదిక ప్రభుత్వానికి ఇచ్చే అభిప్రాయం. 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం కింద వేసిన కమిషన్ ఎవరికీ శిక్ష వేయలేదు. తీర్పు మీద కూడా అప్పీలు ఉంటుంది.

ఇందిర కేసులోనే చూడండి. బల్బీర్ సింగ్ అనే పోలీసు అధికారికి కింది కోర్టు ఉరిశిక్ష వేసింది, హైకోర్టు సరేనంది, 1988లో సుప్రీంకోర్టు నిర్దోషిగా వదిలేసింది. మొదటి తీర్పు నాటి పేపర్ కటింగ్ ఒక్కటే చేతిలో ఉన్నవాడికి ఆయన ఇప్పటికీ కుట్రదారుడే.

కోర్టు, కమిషన్ రెండు రకాలుగా చెప్పినప్పుడు రెండూ తేదీలతో రాయాలి. గాంధీ హత్య కేసులో 1949లో కోర్టు సావర్కర్‌ను నిర్దోషి అంది. 1966లో వేసిన కపూర్ కమిషన్ 1969లో ఇచ్చిన నివేదికలో ఆయన గురించి వేరేగా వ్యాఖ్యానించింది. ఒక వైపు వాళ్లు మొదటిదే చెబుతారు, ఇంకో వైపు వాళ్లు రెండోదే చెబుతారు. మీరు రెండూ పెట్టండి, ఏది కోర్టో ఏది కమిషనో చెప్పండి.

ఇక్కడే ఇంకో మాట. కుట్ర అనగానే నవ్వేసే మేధావులు కొందరుంటారు. వాళ్లనూ నమ్మొద్దు. గాంధీ హత్యలో కుట్ర కోర్టులో రుజువైంది. నాథూరాం గాడ్సేతో పాటు నారాయణ్ ఆప్టేను కూడా 1949 నవంబర్ 15న అంబాలా జైల్లో ఉరి తీశారు. రాజీవ్ హత్యలోనూ అంతే. రుజువైన కుట్ర వేరు, రుజువు కాకుండా తిరుగుతున్న కుట్ర కథ వేరు.

4. ‘తర్వాత ఏమైంది’ గడి నింపండి

అసలు పని ఇది. సగం సాయంత్రం దీనికే పోవాలి.

కెన్నెడీతో మొదలుపెడదాం, అన్నిటికంటే ఎక్కువ వీడియోలు ఆయన మీదే కాబట్టి. 1963 నవంబర్ 22న డల్లాస్‌లో కాల్చి చంపారు. కాల్చింది లీ హార్వీ ఆస్వాల్డ్ ఒక్కడేనని, ఈ హత్య మీద అమెరికా ప్రభుత్వం వేసిన వారెన్ కమిషన్ 1964లో చెప్పింది. 1979లో అమెరికా పార్లమెంటు కమిటీ ఒకటి, బహుశా కుట్ర వల్లే హత్య జరిగి ఉంటుందని రాసింది. ‘అమెరికా ప్రభుత్వమే ఒప్పుకుంది’ అనే థంబ్‌నెయిల్ ఇక్కడి నుంచి పుట్టిందే. కమిటీ ప్రధానంగా ఆధారపడింది ఒక పోలీసు మైకులో రికార్డయిన శబ్దాల మీద. అవి నాలుగు తూటాల శబ్దాలని, ఒకటి ఇంకో దిక్కు నుంచి వచ్చిందని నిపుణులు చెప్పారు. తర్వాత ఏమైంది? 1982లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ ఆ రికార్డింగును మళ్లీ పరీక్షించి, ఆ శబ్దాలు కాల్పులు ముగిసిన సుమారు ఒక నిమిషం తర్వాతివని తేల్చింది. 1979 ముక్క తెలుగు యూట్యూబ్ నిండా ఉంది. 1982 ముక్క కోసం వెతికి చూడండి, ఎంత కష్టమో మీకే తెలుస్తుంది.

2025 మార్చిలో మళ్లీ వేల పేజీలు విడుదలయ్యాయి. ‘రహస్యం బట్టబయలు’ అని మన భాషలోనూ హెడ్డింగులు వచ్చాయి. ఆ కాగితాల్లో చాలావరకు అంతకుముందే కొన్ని పేర్లు, వాక్యాలు నల్లగా పూసి బయటపెట్టినవే. ఫైలు బయటికొచ్చిందంటే రహస్యం బయటికొచ్చిందని కాదు. పేజీ చూపించకుండా ‘ఫైళ్లలో ఉంది’ అన్నవాడిని పేజీ అడగండి.

మన దేశానికి వద్దాం. ఇందిర హత్య మీద వేసిన జస్టిస్ ఠక్కర్ కమిషన్, ఆమె సహాయకుడు ఆర్.కె. ధవన్ వైపు అనుమానపు ముల్లు చూపిస్తోందని రాసింది. నివేదికను ప్రభుత్వం దాచింది. 1989 మార్చిలో అది పత్రికకెక్కాక పార్లమెంటులో పెట్టక తప్పలేదు. అప్పటి హెడ్డింగులు ఇప్పటికీ స్క్రీన్‌షాట్లుగా తిరుగుతున్నాయి. తర్వాత? ధవన్ మీద హత్య కేసు నడవలేదు. ఆయన మళ్లీ రాజీవ్ కార్యాలయంలో చేరారు, 1990లలో కేంద్రమంత్రి కూడా అయ్యారు. ఆయన్ని ఇష్టపడాలని ఎవరూ అడగడం లేదు. ముల్లు గురించి రాసినవాడు ఈ రెండు వాక్యాలూ రాయాలి, అంతే.

రాజీవ్ హత్య మీద వేసిన జైన్ కమిషన్ మధ్యంతర నివేదిక 1997 నవంబర్‌లో లీకైంది. అందులో డీఎంకే పేరు రావడంతో ఆ పార్టీ మంత్రుల్ని తప్పించమని కాంగ్రెస్ పట్టుబట్టింది. ప్రధాని గుజ్రాల్ ఒప్పుకోలేదు, మద్దతు ఉపసంహరించారు, ప్రభుత్వం పడిపోయింది. ఒక మధ్యంతర నివేదిక మీద వచ్చిన వార్త అంత పని చేసింది. తర్వాత 1998లో తుది నివేదిక వచ్చింది. మిగిలిన కుట్ర కోణం చూడటానికి సీబీఐ కింద ఒక ప్రత్యేక సంస్థను వేశారు. ఏళ్ల తరబడి నడిపించి 2022లో దాన్ని ఎత్తేశారు. ఈ వరుస చెప్పకుండా ‘జైన్ కమిషన్ అప్పుడే చెప్పింది’ అనేవాళ్లు ఎక్కువ.

గాంధీజీకి నాలుగో తూటా తగిలిందన్న కథ కూడా ఇంతే. దీని మీద మళ్లీ దర్యాప్తు చేయాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు విచారణకు తీసుకుంది, సీనియర్ న్యాయవాదిని సహాయకుడిగా పెట్టింది. ఆ రోజు అన్ని ఛానళ్లూ చెప్పాయి. 2018 మార్చిలో పిటిషన్ కొట్టేసింది. ఆ రోజు ఎన్ని ఛానళ్లు చెప్పాయో మీరే ఊహించుకోండి.

ఎలా వెతకాలి? కథలో ఉన్న కమిషన్ పేరు లేదా కేసు పేరు పక్కన ‘కొట్టివేత’, ‘నిర్దోషి’, ‘తుది నివేదిక’, ‘చర్యల నివేదిక’ అన్న మాటలు చేర్చి వెతకండి. ఇంగ్లీషులో కూడా ఇవే మాటలతో వెతకండి. ఏదీ దొరక్కపోతే గడి ఖాళీగా వదిలేసి, మీ వార్తలో కూడా ‘ఆ తర్వాతి వివరాలు మాకు దొరకలేదు’ అని రాయండి. ఖాళీ గడిని ఊహతో నింపకండి.

సమాచార హక్కు కింద అడిగితే పోలా అని కొందరంటారు. అడగండి. ఒడిశా ప్రభుత్వ శాఖలకైతే ఫారం-ఎ నింపాలి, ఫీజు పది రూపాయలు, జవాబుకు 30 రోజుల గడువు. కానీ దర్యాప్తుకు అడ్డొస్తుందనుకుంటే ఇవ్వకపోవచ్చని చట్టంలోనే ఉంది. సీబీఐకి 2011 నుంచి మినహాయింపు ఉంది. జవాబు రాలేదంటే దాస్తున్నారని రాసేయకండి.

5. ఫొటో, వీడియో పరీక్ష

కెన్నెడీ హత్యను అబ్రహాం జప్రూడర్ అనే వ్యాపారి చేతి కెమెరాతో తీసిన ఫిల్మ్ 26 సెకన్లు. దాన్ని ఒక పత్రిక కొనుక్కుంది. టీవీలో మామూలు జనం కదిలే బొమ్మగా చూసింది 1975లో. ఇన్నేళ్లు పెట్టెలో పెట్టడమే అనుమానాలకు ఎరువైంది. ఇప్పుడు అదే ఫిల్మ్‌ను ఏఐతో ‘క్లియర్’ చేసి, రంగులు దిద్ది వదులుతున్నారు. ఏఐ లేని వివరాన్ని కల్పించి నింపుతుంది. పొదలో మనిషి కనిపిస్తే ఆ మనిషిని గీసింది సాఫ్ట్‌వేరే కావచ్చు. పాత మసక కాపీలో కనిపించనిది కొత్త కాపీలో కనిపిస్తే వాడకండి.

శ్రీపెరంబుదూరులో 1991 మే 21 రాత్రి రాజీవ్ చనిపోయిన పేలుడులో ఫొటోగ్రాఫర్ హరిబాబు కూడా చనిపోయాడు. అతని కెమెరా మాత్రం మిగిలింది, దర్యాప్తుకు దారి చూపింది. ఆ ఫొటోలనే అంచులు కత్తిరించి, కొత్త మనిషికి ఎర్ర గీత చుట్టి పంపుతుంటారు. గూగుల్ లెన్స్‌లో పెట్టి పూర్తి ఫ్రేమ్ దొరికేదాకా చూడండి. పూర్తి ఫ్రేమ్ పక్కన పెడితే సగం కథలు అక్కడే ఆగిపోతాయి.

యాదృచ్ఛికాల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఆ సాయంత్రం రాజీవ్ బయల్దేరింది మన పక్కనున్న విశాఖ నుంచే. విమానంలో సాంకేతిక సమస్య వచ్చి ప్రయాణం ఆగిపోతుందేమో అనుకున్నాక మళ్లీ బయల్దేరారని అప్పటి వార్తల్లో ఉంది. దీని మీద మన వైపు పుట్టిన కథలకు లెక్క లేదు. ఒక సంఘటన వింతగా ఉన్నంత మాత్రాన అది ఆధారం అయిపోదు. ఎవరు చేశారు, ఎలా చేశారు అన్నవాటిలో ఒక్కదానికైనా అది జవాబు చెప్పాలి.

6. అధికారుల మాటనూ అదే తూకం వేయండి

వారెన్ కమిషన్ పని చేస్తున్నప్పుడు, క్యూబా నేత కాస్ట్రోను చంపడానికి అమెరికా గూఢచార సంస్థ సీఐఏ చేసిన పథకాల గురించి కమిషన్‌కు చెప్పలేదు. పదేళ్లు దాటాక సెనేట్ కమిటీ దాన్ని బయటపెట్టింది. దాచారన్నది నిజం. దాచినంత మాత్రాన వాళ్లే చంపారని కాదు. రెండు వాక్యాలూ రాయగలిగితే మీరు మంచి విలేకరి.

రాజీవ్ కేసులో శిక్ష పడిన పేరరివాళన్ వాంగ్మూలం నమోదు చేసిన సీబీఐ అధికారి, రిటైరయ్యాక 2013లో ఒక సంగతి చెప్పారు. తాను కొనిచ్చిన బ్యాటరీలు దేనికో తనకు తెలియదని అతను అన్న భాగాన్ని తాను రాయలేదని. ఇది గ్రూపులో పుట్టిన పుకారు కాదు, రాసిన చేతే చెప్పిన మాట. ఇలాంటిది వేయాల్సిందే. 2022 మే 18న సుప్రీంకోర్టు అతణ్ని విడుదల చేసింది. కానీ నిర్దోషి అని తీర్పు ఇవ్వలేదు. ‘నిర్దోషిగా విడుదల’ అని రాసిన వాళ్లను నేను చూశాను.

మన ఒడిశాలోనే 2019లో, గాంధీజీ 150వ జయంతికి పాఠశాల విద్యాశాఖ పంచిన చిన్న పుస్తకంలో ఆయన ప్రమాదవశాత్తు చనిపోయినట్టు అర్థం వచ్చేలా రాశారు. గొడవయ్యాక వెనక్కి తీసుకున్నారు. ప్రభుత్వ ముద్ర ఉంది కదా అని కళ్లు మూసుకుని నమ్మొద్దని చెప్పడానికే ఇది.

7. ఊళ్లో ఉన్న మనుషుల్ని చూసుకోండి

2023 జనవరి 29న ఒడిశా ఆరోగ్య మంత్రి నబ కిశోర్ దాస్‌ను ఝార్సుగుడా జిల్లా బ్రజరాజనగర్‌లో డ్యూటీలో ఉన్న ఏఎస్ఐ కాల్చాడు. నిందితుడు గంజాం జిల్లావాడు కావడంతో కెమెరాలన్నీ ఇటు తిరిగాయి. ఇంటివాళ్ల ముఖాల మీద మైకులు, అతని మానసిక ఆరోగ్యం మీద స్టూడియోలో డాక్టర్లు కానివాళ్ల చర్చలు. ఒకవైపు పిచ్చివాడన్నారు, ఇంకోవైపు ఎవరో చేయించారన్నారు. రెండూ దర్యాప్తు తేలకముందే అన్న మాటలే. ఇలాంటి సమయంలో మీరు లోకల్ కాబట్టి, ‘ఆ ఇల్లు చూపించు’ అని పెద్ద ఛానళ్ల వాళ్లు మీకే ఫోన్ చేస్తారు. నిందితుడి ఇంటివాళ్లు నిందితులు కారు. ఇల్లు, వీధి, పిల్లల బడి చూపించకండి. మందుల చీటీ ఎవరైనా చేతిలో పెట్టినా వేయకండి.

కొరాపుట్ వైపు వాళ్లకు 2018 సెప్టెంబర్ 23 గుర్తుండే ఉంటుంది. అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను డుంబ్రిగూడ మండలం లివిటిపుట్టు దగ్గర మావోయిస్టులు కాల్చి చంపారు. ఆ రోజే కోపంతో జనం పోలీస్ స్టేషన్ మీద పడి నిప్పంటించారు. సమాచారం ఎవరిచ్చారన్న ఊహలు అలాంటి రోజున గ్రూపుల్లో పేర్లుగా మారిపోతాయి. అడవి అంచు ఊళ్లో ‘ఇన్‌ఫార్మర్’ అని పేరు పడితే ప్రాణం మీదికి వస్తుంది. ఈ విషయంలో ప్రత్యామ్నాయాలేవీ లేవు. కోర్టు కాగితంలో లేని పేరును అసలే రాయకండి.

8. రాసే వరుస

తెలిసిన నిజం ముందు, పుకారు మధ్యలో ఒక్కసారి, ‘తర్వాత ఏమైంది’ వెంటనే. పుకారును హెడ్డింగులో పెట్టి, ఖండనను చివరి పేరాలో పడేస్తే చదివేవాడికి మిగిలేది హెడ్డింగే.

ఇలా వద్దు: ‘నాలుగో తూటా ఎవరిది? గాంధీ హత్యలో సంచలనం!’
ఇలా రాయండి: ‘గాంధీ హత్యపై కొత్త దర్యాప్తు అక్కర్లేదని 2018లోనే చెప్పిన సుప్రీంకోర్టు, మళ్లీ తిరుగుతున్న నాలుగో తూటా వీడియో’

రెండోది పొడుగ్గా ఉంది, క్లిక్కులు తక్కువొస్తాయి. అవును, వస్తాయి.

థంబ్‌నెయిల్ కూడా వార్తే. లోపల ఎంత జాగ్రత్తగా చెప్పినా పైన ఎర్ర సున్నా చుట్టిన ముఖం ఉంటే కేసు దాని మీదే పడుతుంది. చర్చ పెట్టేటప్పుడు ఒకడు కుట్ర అని, ఒకడు కాదని అరిచేలా ఇద్దర్ని కూర్చోబెట్టడం సమతూకం కిందికి రాదు. కాగితం చదివిన ఒక్క లాయర్ చాలు.

9. చట్టం, క్లుప్తంగా

2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. వర్గాల మధ్య వైరం పెంచితే సెక్షన్ 196, జనాన్ని రెచ్చగొట్టే తప్పుడు సమాచారానికి 353, పరువు నష్టానికి 356. ‘ఫార్వర్డ్ చేశానంతే’ అన్నది కాపాడదు. ఛార్జిషీటు పడిన కేసులో ఫలానావాడే దోషి అని రాస్తే కోర్టు ధిక్కారం కిందికి కూడా రావచ్చు. మీరు ఇచ్ఛాపురం ఇవతల ఉన్నా, చూసేవాళ్లు అవతల కూడా ఉంటారు. ఫిర్యాదు ఏ వైపు నుంచైనా రావచ్చు. అనుమానం ఉంటే తెలిసిన లాయర్‌కు ఒకసారి చూపించండి.

ఎక్కువగా జరిగే తప్పులు

‘ఆరోపించారు’ అని మొదలుపెట్టి మూడో వాక్యానికల్లా ‘చేశారు’కు జారిపోవడం అన్నిటికంటే మామూలు తప్పు. ఒడియా నుంచి హడావిడిగా తెలుగు చేసేటప్పుడు ఇది ఇంకా ఎక్కువ. రాశాక క్రియాపదాలు మాత్రమే గుర్తు పెట్టుకుంటూ ఒకసారి చదవండి.

సర్వేలను ఆధారంగా చూపడం ఇంకోటి. కెన్నెడీ హత్యలో కుట్ర ఉందని అమెరికన్లలో ఎక్కువమంది నమ్ముతారని దశాబ్దాలుగా సర్వేలు చెబుతున్నాయి. నమ్మకం ఎంతమందికి ఉందో అవి చెబుతాయి, తూటా ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పవు.

‘ఇంత పెద్ద మనిషిని ఒక్కడు చంపగలడా?’ అని అడగడం. ఇది ఆధారం కాదు, మన మనసుకు పట్టని బాధ. రచ్చబండ దగ్గర అనుకోవచ్చు, వార్తలో వద్దు. దీనికి తిరగేసిన తప్పు, అనుమానం వచ్చినవాళ్లనందర్నీ పిచ్చోళ్లని ఎగతాళి చేయడం. అలా చేస్తే వాళ్లు మీ ఛానల్ వదిలేసి ఆ వీడియో పెట్టినవాడి దగ్గరికే పోతారు.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

ఈ విషయం తెలియని ఒక మనిషికి, ఇంట్లో వాళ్లయినా సరే, మీ వార్త చదివి వినిపించండి. తర్వాత ఫోన్ పక్కన పెట్టి అడగండి: ‘ఏం అర్థమైంది?’ వాళ్లు ముందుగా పుకారు చెబితే వరుస మార్చాలి. ‘కోర్టు అలా అందట’ అని మొదలుపెడితే సరిపోయింది. తర్వాత వార్తలో పేరు వచ్చిన ప్రతి బతికున్న మనిషి దగ్గర వేలు పెట్టి, ఈ పేరు ఏ కాగితంలో ఉంది అని మిమ్మల్ని మీరే అడగండి. కాగితం చూపించలేని పేరు తీసేయండి. చివరగా, పట్టికలో నాలుగో గడిలో ఉన్నవన్నీ వార్తలోకి వచ్చాయో లేదో సరిపోల్చుకోండి. నిడివి తగ్గించేటప్పుడు ముందు ఎగిరిపోయేవి అవే.

ఇప్పటికే వేసేసి ఉంటే

వీడియో నిశ్శబ్దంగా డిలీట్ చేయకండి. తీసేసిన రాత్రే ‘ఒత్తిడి తెచ్చి తీయించారు’ అని కొత్త కథ మొదలవుతుంది. ముందు టైటిల్ మార్చి, మొదటి కామెంటుగా తప్పేమిటో, సరైనదేమిటో తేదీతో రాసి పిన్ చేయండి. ఎవరి పేరైనా తప్పుగా వచ్చి ఉంటే, వాళ్లకు ముప్పు ఉంటే మాత్రం వెంటనే తీసేసి, ఎందుకు తీశారో ఇంకో పోస్టులో చెప్పండి, ఆ పేరు మళ్లీ రాయకుండా. వాట్సాప్ గ్రూపులో వేసింది అయితే సవరణను అదే గ్రూపులో, పాత మెసేజ్‌కు రిప్లైగా పెట్టండి. విడి మెసేజ్‌గా పెడితే దేనికి సవరణో ఎవరికీ అర్థం కాదు. మీ పోస్టును ఇంకో ఛానల్ వాళ్లు ఎత్తుకుని ఉంటే, వాళ్లకూ ఒక ఫోన్ కొట్టి చెప్పండి.